ట్యాబ్‌ని టేబుల్ మీద పడుకోబెట్టకండి, చేతిలో పట్టుకోండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకి పెద్ద ట్యాబ్ కనిపించగానే ఒకటే ఆలోచన వస్తుంది. దీన్ని టేబుల్ మధ్యలో పడుకోబెట్టి, మ్యాప్ ఓపెన్ చేసి, మన బొమ్మల్ని దాని మీదే నిలబెట్టి ఫైట్ ఆడితే ఎలా ఉంటుంది? చూడ్డానికి బాగుంటుంది. ఫొటోల్లో ఇంకా బాగుంటుంది. కానీ ఈ ఒక్క పని కోసం ట్యాబ్ కొనొద్దని నా అభిప్రాయం. ట్యాబ్ ఈ ఆటకి పనికిరాదని కాదు, చాలా పనికొస్తుంది. కాకపోతే దాని చోటు టేబుల్ మధ్యలో కాదు, ఆట నడిపించే డంజన్ మాస్టర్ చేతిలో.

ఈ ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్లే డీఎం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇది చేస్తా" అని చెప్తారు, అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఫైట్ వచ్చినప్పుడు ఎవరు ఎక్కడున్నారో తెలియాలి కాబట్టి గళ్ల మ్యాప్ వేస్తారు. ఆటలో 5 అడుగులు అంటే మ్యాప్ మీద 1 అంగుళం గడి. మామూలు బొమ్మ అడుగుభాగం కూడా దాదాపు అంగుళమే.

ముందు టేపు పెట్టి కొలవండి

ట్యాబ్ సైజు ఐమూలగా చెప్తారు, గళ్లు మాత్రం పొడవు వెడల్పుల్లో పడతాయి. అసలు తేడా అక్కడే వస్తుంది. 11 అంగుళాల 16:10 ట్యాబ్ తీసుకుంటే స్క్రీన్ సుమారు 9.3 × 5.8 అంగుళాలు. అంటే 9 × 5 గళ్లు. 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో అయితే 10 × 7. శాంసంగ్ 14.6 అంగుళాల అల్ట్రా ట్యాబ్ మీద కూడా 12 × 7 దాటదు.

ఇప్పుడు ఆటలోకి రండి. మామూలు మనిషి పాత్ర ఒక టర్న్‌లో 30 అడుగులు నడుస్తుంది, అంటే 6 గళ్లు. 11 అంగుళాల ట్యాబ్ మీద ఒక మూల నుంచి బయల్దేరితే రెండో టర్న్‌కి బొమ్మ టేబుల్ మీద ఉంటుంది, స్క్రీన్ మీద కాదు. ఫైర్‌బాల్ వ్యాసార్థం 20 అడుగులు, అంటే ఈ చివర నుంచి ఆ చివరికి 8 గళ్లు. 9 × 5 మ్యాప్ మధ్యలో పేలిస్తే తప్పించుకునే చోటే దాదాపు మిగలదు. లాంగ్‌బో మామూలు రేంజ్ 150 అడుగులు, అంటే 30 గళ్లు. అది ఏ ట్యాబ్‌లోనూ పట్టదు.

జూమ్ తగ్గిస్తే? గడి అరంగుళం అవుతుంది, బొమ్మ మాత్రం అంగుళమే ఉంటుంది. సరే, బొమ్మలు తీసేసి స్క్రీన్ మీద టోకెన్లు జరుపుదాం అంటే ఐదు తలలు ఒక ట్యాబ్ మీదకి వంగాలి.

దీని పక్కన స్టేషనరీ షాపులో దొరికే చార్ట్ పేపర్ పెట్టి చూడండి. 22 × 28 అంగుళాల షీట్ మీద స్కేలుతో గళ్లు గీస్తే 616 గళ్లు. 14.6 అంగుళాల ట్యాబ్ మీద 84. ఒకటి లక్ష రూపాయల స్థాయి వస్తువు, ఇంకోటి చిల్లరకి వచ్చేది. చోటు కోసమే అయితే చార్ట్ పేపర్‌తో ఏ ట్యాబూ పోటీపడలేదు.

గాజు మీద ఆట

సైజు ఒక్కటే సమస్య అనుకోకండి. ట్యాబ్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెడితే పైనున్న ట్యూబ్‌లైటు, తిరిగే ఫ్యాను రెండూ మ్యాప్‌లో కనిపిస్తాయి. బ్రైట్‌నెస్ పెంచితే నాలుగు గంటల సెషన్‌కి బ్యాటరీ గురించి ఆలోచించాలి. ప్లాస్టిక్ బొమ్మలతో స్క్రీన్‌కి పెద్దగా భయం లేదు. కానీ చాలామంది బొమ్మల అడుగుభాగానికి అందం కోసం ఇసుక అంటిస్తారు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మామూలు గాజు కంటే గట్టిది, గీత పడుతుంది. మెటల్ పాచికల సంగతి చెప్పక్కర్లేదు.

అయినా సరే ట్యాబ్ మీదే ఆడతానంటే మూడు పనులు చేయండి. స్క్రీన్ మీద పారదర్శకమైన యాక్రిలిక్ షీట్ వేయండి. ఆటో రొటేట్, స్క్రీన్ టైమౌట్ ఆపేయండి. ఐప్యాడ్ అయితే గైడెడ్ యాక్సెస్‌లో టచ్ ఆఫ్ చేయండి, లేకపోతే బొమ్మ జరిపినప్పుడల్లా వేలు తగిలి మ్యాప్ కూడా జరుగుతుంది.

అసలు బలం చూపించడంలో లేదు

మా గ్రూప్‌లో ఐదుగురం. నేను గమనించింది ఒకటుంది. చార్ట్ మీద నాలుగు గీతలు గీసి "ఇది సత్రం" అంటే ప్రశ్నలు మొదలవుతాయి. పైన దూలం ఉందా? దీపం తాడుకి వేలాడుతోందా? తాడు కోస్తే ఎవరి మీద పడుతుంది? అదే సత్రానికి కుర్చీలు, గ్లాసులతో సహా రంగుల మ్యాప్ స్క్రీన్ మీద పెట్టండి. ఎవరూ ఏమీ అడగరు, గళ్లు లెక్కపెట్టుకుంటారు. బొమ్మలో కనిపించనిది ఆ గదిలో లేనట్టే తీసుకుంటారు. అరుగు మీద బొగ్గుతో గీతలు గీసుకుని పులి-మేక ఆడిన వాళ్లకి ఆ గీతలే అడవి. ఈ ఆటలో మనం ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే. ఊహించుకోవడానికి కూర్చుని, ఎవరో ఊహించి గీసిన బొమ్మ చూసి లేచిపోతాం.

కాగితం చేయలేనిది ఒక్కటే ఉంది, దాచడం. తలుపు తీసేదాకా గది చీకటిగా ఉండాలి, దివిటీ ఉన్నంత మేరకే కనపడాలి. దీన్నే ఫాగ్ ఆఫ్ వార్ అంటారు. ఇది మాత్రం డిజిటల్ మ్యాప్ చేసినంత బాగా ఇంకేదీ చేయదు. స్క్రీన్‌కి డబ్బు పెట్టేది ఉంటే దీనికోసమే పెట్టాలి. చీకటి ఉన్నచోట ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి.

మరి సెటప్ ఎలా?

ఇంట్లో పాత 32 అంగుళాల టీవీ ఉంటే చాలు. స్క్రీన్ సుమారు 27.9 × 15.7 అంగుళాలు, అంటే 27 × 15 గళ్లు. ఫుల్ హెచ్‌డీ అయితే గడికి దాదాపు 69 పిక్సెళ్లు వచ్చేలా జూమ్ పెట్టండి, బొమ్మలు సరిగ్గా కూర్చుంటాయి. స్టాండ్ తీసి పడుకోబెట్టేటప్పుడు కింద నాలుగు చెక్క ముక్కలు పెట్టండి, వెనక వేడి బయటికి పోవాలి. పైన యాక్రిలిక్ షీట్ తప్పనిసరి. దాని మీద మోచేతులు ఆనించకండి, ఆ ప్యానెల్ బరువు కోసం చేసింది కాదు.

టీవీకి ఏదో ఒక పాత ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐతో కలిపి, అందులో బ్రౌజర్‌లో ఔల్‌బేర్ రోడియో ప్లేయర్‌గా ఓపెన్ చేయండి. అదే రూమ్‌ని మీ ట్యాబ్‌లో డీఎంగా ఓపెన్ చేయండి. ఉచిత అకౌంట్‌లో రూములు, స్టోరేజ్ పరిమితంగానే ఇస్తారు, మొదలుపెట్టడానికి సరిపోతుంది. ఫౌండ్రీలో వెలుతురు, చూపు లెక్కలు ఇంకా గట్టిగా ఉంటాయి. కానీ అది మౌస్, కీబోర్డు కోసం చేసింది, డీఎం పనికి ట్యాబ్ బదులు ల్యాప్‌టాప్ వాడండి.

ఒక హెచ్చరిక. ట్యాబ్‌ని నేరుగా టీవీకి మిర్రర్ చేయకండి. మీరు దాచిన గొయ్యి, రహస్య ద్వారం అందరికీ కనిపిస్తాయి. రెండు లాగిన్లతో ఆడితే ఆ బాధ ఉండదు, ట్యాబ్‌లో వీడియో అవుట్ ఉందా లేదా అని వెతకాల్సిన పని కూడా ఉండదు. చాలా బడ్జెట్ ట్యాబ్‌లలో అది ఉండదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ట్యాబ్ టేబుల్ మీదకి రావాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఊరి మ్యాప్, దొరికిన ఉత్తరం, రాక్షసుడి బొమ్మ చేతులు మార్చి చూపించొచ్చు. వాటికి గళ్ల కొలత అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు ఆడుతూ ఫైట్లన్నీ ఇరుకు గదుల్లోనే పెట్టుకుంటే 12.9 అంగుళాల స్క్రీన్‌తో సర్దుకోవచ్చు.

నా తీర్పు ఇది. ఇంట్లో ట్యాబ్ ఉంటే డీఎం చేతికివ్వండి. లేకపోతే ఈ ఆట కోసం కొనకండి. ముందు ఒక చార్ట్, ఒక స్కెచ్ పెన్ తీసుకుని నాలుగు వారాలు ఆడండి. "తలుపు వెనక ఏముందో ముందే కనపడిపోతోంది" అని మీ వాళ్లు విసుక్కున్న రోజు స్క్రీన్ గురించి ఆలోచించండి. అప్పుడైనా మొదట చూడాల్సింది ఇంట్లో మూలన పడున్న టీవీ వైపు.