వ్యాను బుష్‌లూ, సంఘం లెక్కలూ



పోయిన సర్వసభ్య సమావేశంలో వ్యాను రిపేరు ఖర్చు మీద అరగంట గొడవ జరిగింది. "పదకొండు నెలల్లో రెండుసార్లు బుష్‌లు మార్చారు, ఈ డబ్బంతా ఎవరి జేబులోకి పోతోంది?" అని ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన మాటే. వ్యాను చూసుకునే పని మా ముగ్గురికీ అప్పజెప్పారు కాబట్టి జవాబు మేమే చెప్పాలి. మైకు మా చేతికి వచ్చేసరికి భోజనాలకు పిలిచారు. అందుకని ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందే ఒప్పుకుంటాం, తప్పు మాదే. కానీ సమావేశంలో మీరన్న తప్పు కాదు. చవక సరుకు కొన్నామని అందరూ అన్నారు. కొన్న మాట నిజం. కంపెనీ డబ్బాలోది ఒక్కోటి 900 రూపాయలు చెప్పారు, బయటి సరుకు 350కి దొరికింది, మేం 350ది తీసుకున్నాం. అయితే వ్యాను చెడింది అందువల్ల కాదు.

బుష్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. (షాపువాడి తమిళ బిల్లులో ఇది పుష్షో బుష్షో చదివితే తెలియదు. తమిళంలో రెండింటికీ ఒకటే అక్షరం. తమిళ మీడియంలో చదివిన మాకే తికమకగా ఉంటుంది.) ముందు చక్రాన్ని బండి అడుగు చట్రానికి పట్టి ఉంచే ఇనుప చేతిని లోయర్ ఆర్మ్ అంటారు. ఆ చెయ్యి చట్రానికి తగులుకునే చోట ఉండేదే బుష్. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, రెండింటి మధ్యా అంటించి కాల్చిన రబ్బరు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఈ రబ్బరు జారదు, మెలితిరిగి మళ్ళీ తన చోటికి వస్తుంది. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పెరంబూరు ఐ.సి.ఎఫ్. బోగీలో యాంకర్ లింకు కొసల్లో ఉండే సైలెంట్ బ్లాకు కూడా ఇదే జాతి. అది అరిగితే పెట్టె ఊగుతుంది, ఇది అరిగితే బండి మన మాట వినదు.

మాట వినకపోవడం అంటే ఏమిటో మొన్న వానల్లో చూశాం. డయాలసిస్‌కు వెళ్ళే ఇద్దరు పెద్దవాళ్ళు వెనక సీట్లో ఉన్నారు. సబ్‌వే దిగుతుంటే ముందు ఆటో ఆగింది. డ్రైవరు బ్రేకు తొక్కగానే వ్యాను తిన్నగా ఆగకుండా ఎడమకు లాగేసింది. గోడకు జానెడు దూరంలో నిలిచింది. వెనక కూర్చున్న అవ్వ "ఏం నాయనా, నిద్రపోతున్నావా?" అని డ్రైవరును అడిగింది. పాపం అతను ఏం చేస్తాడు? రెండు నెలలుగా స్పీడ్ బ్రేకర్ దాటితే "టక్" మంటోందని చెబుతూనే ఉన్నాడు. మేమే "సరే చూద్దాం" అంటూ వచ్చాం.

ఈసారి వేరే షెడ్డుకు తీసుకెళ్ళాం. అక్కడి మెకానిక్ విప్పిన రెండు బుష్‌లనూ రంపంతో కోసి చూపించాడు. ఎడమదాంట్లో రబ్బరు ఇనుము నుంచి ఊడి, ఏటవాలుగా చినిగి ఉంది. కుడిది దాదాపు కొత్తదానిలా ఉంది. రెండూ ఒకే షాపులో, ఒకే రోజు కొన్న 350 రూపాయల సరుకే.

ఎందుకిలా అని ఆలోచిస్తే ఆ రోజు గుర్తొచ్చింది. మొదటిసారి బిగించినప్పుడు మాలో ఒకరు పక్కనే టీ తాగుతూ నిలబడి ఉన్నారు. ఆదివారం పిల్లల తెలుగు క్లాసుకు టైమవుతోందని తొందరపెట్టారు కూడా. ఎడమ పక్క జాకీ మీద, చక్రం కిందికి వేలాడుతుండగానే బోల్టు బిగించేశాడు. కుడి పక్క బోల్టు తుప్పుపట్టి మొండికేసింది. దాన్ని మార్చి, బండి దించాక, నేల మీద బరువు నిలిచి ఉన్నప్పుడు బిగించాడు. తేడా అంతే.

చక్రం వేలాడుతున్నప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. అప్పుడు బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఆ వాలులోనే కదలకుండా పట్టుకుంటుంది. తర్వాత బండి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది. రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడి, రాత్రీ పగలూ అలాగే ఉంటుంది. గుంట వచ్చినప్పుడల్లా ఇంకా మెలిపడుతుంది. అలా బిగిస్తే 900 రూపాయలదైనా త్వరగా చినుగుతుంది. అందుకే బోల్టు చేత్తో ఆనించి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ఆ తర్వాత గట్టిగా బిగించాలి. పిట్ ఉన్న షెడ్డులో అయితే సులువు. చెట్టు కింద జాకీతో చేసే చోట ఒళ్ళు వంచి కిందికి దూరాలి, పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంట కూలీలోనే మేం బేరమాడి 200 తగ్గించాం. లెక్కల పుస్తకంలో దాన్ని "ఆదా" అని కూడా రాశాం.

ఇంకో మాట. పాత బుష్‌ను సుత్తితో కొట్టి తీసి, కొత్తదాన్ని సుత్తితోనే దిగ్గొట్టే షెడ్లు దండిగా ఉన్నాయి. అలా కొడితే బయటి గొట్టం సొట్టబోతుంది, రబ్బరు అంటు వదులుతుంది. ప్రెస్‌లో పెట్టి నొక్కాలి. కొన్ని బుష్‌లకు ఒక పక్క ఖాళీలు ఉంటాయి. అవి ఏ దిక్కుకు ఉండాలో గుర్తు ఉంటుంది, అది చూసి పెట్టాలి. మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. మన ఎడమ టైరు అలాగే పోయింది. ఆ ఖర్చు ముందు మేం మిగిల్చిన డబ్బు ఏపాటిది?

సమావేశంలో ఒక తమ్ముడు పాలీయూరిథేన్ బుష్ వేయిద్దాం, జీవితాంతం ఉంటుంది అన్నాడు. అది చెడ్డ సరుకు కాదు. ఆయిలు పడినా రబ్బరంత త్వరగా పాడవదు. కానీ అది రబ్బరులా మెలితిరగదు, లోపలి గొట్టం దానిలో జారుతూ తిరుగుతుంది. కాబట్టి ఎప్పటికప్పుడు విప్పి సిలికోన్ గ్రీజు పెట్టాలి. ఎండిపోతే కీచుమంటుంది. గట్టిది కాబట్టి రోడ్డు అదురంతా సీటుకు ఎక్కుతుంది. కుర్రవాడి కారుకు సరే. నడుం నొప్పివాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళే బండికి, నెలల తరబడి టక్ మన్నా పట్టించుకోని మా వంటివాళ్ళ చేతిలో బండికి, అది వద్దు.

గ్రీజు అంటే గుర్తొచ్చింది. అంబాసిడర్ కాలంలో కింద నిపుల్ కనబడితే చాలు, గన్ను పెట్టి గ్రీజు కొట్టేవాళ్ళం, అదే మంచి డ్రైవరుకు గుర్తు. ఆ అలవాటుతో మాలో ఒకరు ఈ వ్యాను రబ్బరు బుష్‌లకు కూడా గ్రీజు రాయించబోయారు. మామూలు గ్రీజు, డీజిల్, ఇంజనాయిలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. సర్వీసులో బండి అడుగున డీజిల్ స్ప్రే కొడతామంటే వద్దని చెప్పండి. మీ సొంత కార్లకు కూడా.

అలాగని చవకది కొనమని చెప్పడం లేదు. ఈసారి 900దే వేయించాం. డబ్బా మీద తయారైన తేదీ చూసి తీసుకున్నాం. ఎండ తగిలే అరలో ఏళ్ళు పడి ఉన్న రబ్బరు, బండికి ఎక్కకముందే ముసలిదవుతుంది. స్టోర్సులో ఉద్యోగం చేసినవాళ్ళకు ముందు వచ్చింది ముందు ఇవ్వాలన్న నియమం తెలుసు, అన్ని షాపులూ పాటించవు. కానీ సరుకు ఒక్కటి మార్చి, పాత చేతికే, పాత తొందరలోనే ఇస్తే మళ్ళీ పదకొండు నెలల తర్వాత ఇదే సమావేశం, ఇదే గొడవ.

కాబట్టి మేం అడిగేది రెండే. వ్యానుకు వేరే రిజిస్టరు పెట్టాలి: ఏ భాగం, ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎవరు బిగించారు అన్నీ రాయాలి. డ్రైవరు చెప్పిన మాట కూడా ఆ రోజే అందులో ఎక్కాలి. రెండోది, రిపేరు కూలీలో బేరం ఆడే అధికారం మా చేతిలోంచి తీసేయండి. వ్యాను మీద సంఘం పేరు తెలుగులో రాయించడానికి, కొత్త సీటు కవర్లకు అడిగిన వెంటనే డబ్బు మంజూరు చేశాం, అదీ మంచిదే. అడుగున కనబడని పనికి కూడా అడిగినంత ఇవ్వాలి.

కోసిన రెండు బుష్‌లూ సంఘం ఆఫీసులో బీరువా పక్కన, పేపరు మీద పెట్టాం. ఎడమది ఏదో, కుడిది ఏదో చీటీ కట్టి ఉంది. ఆదివారం పొద్దున 8 గంటలకు వ్యానును పిట్ మీద ఎక్కిస్తున్నాం. ప్రశ్న అడిగిన పెద్దాయన తప్పకుండా రావాలి. టీ మా ఖర్చు, సంఘం లెక్కలో రాయం.