ఆ పదిహేను నిమిషాలే మన బతుకా?

కొలువు రాకపోవడం ఒక బాధ. కొలువు అడగబోయిన కాడ చిన్నబుచ్చి పంపితే అది ఇంకో బాధ. మొదటిది నాలుగు రోజులకు మానుతది. రెండోది లోపల తిష్ట వేస్తది. ‘ఆ యాస మార్చుకోవాలి’, ‘ఇంగ్లీషులో చెప్పలేవా?’, ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ – ఈ మాటలు విని తలవంచుకొని బయటికొచ్చిన పిల్లలు మన ఊరూరా ఉన్నరు. అందులో చాలామంది మళ్లీ దరఖాస్తు పెట్టడానికే జంకుతున్నరు. మేము అడిగేది ఒక్కటే. ఎవరి తీర్పు పట్టుకొని మనల్ని మనం తక్కువ చేసుకుంటున్నం?

ఆ తూకం ఎంత సక్కనిదో కోర్టులే చెప్పినయి. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్లకు రాతపరీక్ష 100 మార్కులు, ముఖాముఖి 50 మార్కులు పెట్టిండ్రు. రెండు మూడు నిమిషాల్లో తల్లిదండ్రులెవరు, ఊరేది అని అడిగి పంపిండ్రని విద్యార్థులు కోర్టుకెక్కిండ్రు. ముఖాముఖికి 15 శాతానికి మించి మార్కులు పెట్టడం అన్యాయమని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. 2016 జనవరి నుంచి కేంద్రం కిందిస్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. అప్పటిదాకా 675 మార్కుల్లో 75 ఇంటర్వ్యూకే ఇచ్చిన మన గ్రూప్-2కూ, గ్రూప్-1కూ 2022 ఏప్రిల్‌లో ఆ గండం తొలగింది. సర్కార్లే పక్కన పెట్టిన తూకాన్ని నమ్మి మనమెందుకు కుమిలిపోవాలె?

అట్లని ఇంటర్వ్యూలు పోలేదు. సివిల్స్‌లో 2025 మార్కులకు 275 ఇంకా దానివే. ప్రైవేటు కంపెనీల్లో ఆ గది దాటనిదే కొలువు లేదు. కనుక అలిగి ఇంట్ల కూర్చుంటే నష్టం మనకే.

ఏం చేయాలె? ఆ రాత్రే కాగితం తీసి అడిగిన ప్రతి ప్రశ్నా రాయండి. వాటిని మూడు కుప్పలు చేయండి. తెలియనివి ఒక కుప్ప: అవి చదవాలె. తెలిసీ నోరు పెగలనివి రెండో కుప్ప: అవి నలుగురి ముందు పలికి పలికి నేర్వాలె. పనితో సంబంధం లేని ఊరు, యాస, తండ్రి పని మూడో కుప్ప. దాన్ని కొట్టేయండి. అది మన లోపం కాదు, అడిగినోళ్ల సంస్కారం. మొదటి రెండు కుప్పలను అవమానం కింద కప్పిపెట్టొద్దు. మూడోదాన్ని ఇంటికి మోసుకు రావొద్దు.

ఇంగ్లీషు రాకపోతే నేర్చుకుందాం. అది పనిముట్టు. పనిముట్టు లేనోడు మూర్ఖుడు కాదు. కానీ దాని కోసం అమ్మ మాటను చూసి సిగ్గుపడాల్సిన పని లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. మన మాట మీద మనకు నమ్మకం కూడా తెచ్చుకోకపోతే ఆ పని సగమే అయినట్టు.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మాట. మీరూ ఆ గది దాటొచ్చినోళ్లే. ఆదివారం ఒక పూట మీ ఊరి పిల్లలను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగండి. తప్పు చెప్తే నవ్వకుండ దిద్దండి. రేపు ఆ కుర్చీలో మీరే కూర్చుంటే, ఎదురుగా వణుకుతున్న పిల్లను ముందు మంచినీళ్లు తాగమనండి. పని గురించి అడగండి, ఊరు గురించి కాదు.