‘ఏం లేదండీ, వ్యవసాయమే!’

చిక్కడపల్లి లైబ్రరీ నుంచి అశోక్‌నగర్, విద్యానగర్ దాకా ఏ గల్లీలో చూసినా పోటీ పరీక్షలకు చదువుకునే యువతే కనిపిస్తుంది. వారిలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారు. ఆదివారం ఆరాధనకు వచ్చి వెనుక బెంచీల్లో సర్దుకునే వారిలో వీళ్లూ ఉంటారు. ‘నాన్నగారేం చేస్తారు బాబూ?’ అని సంఘపెద్ద ఆప్యాయంగా అడిగితే, ‘ఏం లేదండీ, వ్యవసాయమే’ అంటారు తలవంచుకుని. హాస్టల్ ఖర్చు, కోచింగ్ ఫీజు, చెల్లెలి చదువు, నాయనమ్మ మందులు... ఇన్నింటినీ మోస్తున్న రెండెకరాల చేను ‘ఏం లేదు’ ఎలా అవుతుంది?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో నూటికి 86 కమతాలు రెండు హెక్టార్లకు, అంటే దాదాపు అయిదెకరాలకు లోపువే. ఈ చిన్న రైతును లోకం చులకనగా చూడొచ్చు కానీ బైబిల్ అలా చూడదు. ఏ విత్తనం వెదజల్లాలో, ఏది సాలులో వేయాలో, ఏది చేను గట్టున నాటాలో రైతుకు నేర్పినవాడు దేవుడేనంటాడు యెషయా ప్రవక్త (28:23–29). సేద్యం చదువు రానివాడి పని కాదు, దేవుడు నేర్పిన విద్య!

ఆ విద్యను చూడాలంటే హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని జహీరాబాద్ ప్రాంతానికి వెళ్లాలి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడి నిరుపేద దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడి, ఎవరికీ పట్టని వర్షాధార చెలకలను సాగులోకి తెచ్చారు. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ, పెసర, అనుములు కలిపి వేస్తారు. వాన మొహం చాటేసి ఒక పంట పోయినా మరొకటి ఇంటికి చేరుతుంది. పెసర ముందుగా చేతికొస్తే కంది చివర్లో వస్తుంది. పప్పుధాన్యాల వేర్లు నేలకు నత్రజనినిస్తాయి. విత్తనాలు ఇంట్లోనే దాచుకుంటారు కాబట్టి వాటికోసం అప్పు చేయనక్కర్లేదు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. చదువురాని తల్లులెందరో ఉన్న ఆ సంఘాల జ్ఞానాన్ని ప్రపంచం అలా గుర్తించింది.

అయితే చిన్న కమతం కష్టాలు చిన్నవి కావు. రైతుకు తెలివి ఉన్నా వాన ఉండదు, పంట ఉన్నా ధర ఉండదు. బతుకు గడవక చాలామంది సొంత చేను పని అయ్యాక కూలికి కూడా వెళ్తారు. అందుకే చేను అంచులు పేదలకు వదిలేయమన్నాడు దేవుడు (లేవీ 19:9). బోయజు ఇంకో అడుగు ముందుకేసి, రూతు ఏరుకునేందుకు కావాలనే పిడికెళ్లు పడవేయించాడు (రూతు 2:16). ఆమె చిన్నబుచ్చుకోకుండా, తన చేతి కష్టంతోనే అత్తను పోషించుకుంది.

చేనులేని పట్నపు విశ్వాసి వదలగలిగిన అంచు ఏది? మాల్‌లో నోరెత్తకుండా బిల్లు కట్టే మనం రైతుబజారులో ఆకుకూర కట్ట దగ్గర రెండు రూపాయల కోసం గీచిగీచి బేరమాడటం మానవచ్చు. ఊళ్లో దున్నుకుంటున్న తమ్ముడిని, ధర పెరిగింది కదా అని ‘నా వాటా అమ్మి డబ్బివ్వు’ అంటూ నిలదీసేముందు అతని పిల్లల అన్నం గురించి ఆలోచించవచ్చు. కోతకాల పండుగనాడు గుమ్మడికాయను వేలం పాడి వేలు చెల్లించే మన సంఘాలు, దాన్ని పండించిన చేతుల కోసం ఏడాది పొడవునా ప్రార్థించవచ్చు.

యౌవనులారా, మీ తండ్రి చేతికాయలు మీకు సిగ్గు కాకూడదు. మొదటి తోటను నాటింది సాక్షాత్తూ దేవుడే (ఆది 2:8). ఈసారి ఎవరైనా అడిగితే ‘మా నాన్న రైతు’ అని తలెత్తి చెప్పండి!