గుండుతోపుకు హద్దులు వెయ్యండి

పరగోడు, బాగేపల్లి, చింతామణి వైపు పల్లెల్లో గుండుతోపు ఊరందరి సొత్తు. చింత, నేరేడు, కానుగ, మామిడి అక్కడే పెరిగేవి. తర్వాత నీలగిరి వచ్చి గోమాళాల్నీ (పశువుల మేత భూముల్నీ) మెట్ట చేలనీ కమ్మేసింది; తోపులూ పోయాయి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటకూడదంది. మంచి పనే. అయితే పోయిన తోపును తిరిగి పెంచాల్సింది ఊరి యువకులు, మహిళా సంఘాలే.

సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో చెన్నేకొత్తపల్లి ప్రాంతపు పల్లెలు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో 1990ల నుంచి బోడిగుట్టలను కల్పవల్లి అడవిగా మార్చుకున్నాయి. మొక్కలు నాటి ఊరుకోలేదు. విత్తనాలు చల్లారు, అగ్గి పాకకుండా ఖాళీ పట్టీలు తీశారు, కాపలా పెట్టారు. అంత చేసినా ఆ నేల సర్కారు లెక్కల్లో బంజరే. అందుకే 2010 తర్వాత గాలిమరలూ వాటి రోడ్లూ అడవిలోకి చొరబడ్డాయి. ఆ నష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ గతి మనకు పట్టకూడదంటే, మన స్వచ్ఛంద బృందాలు గుంత తవ్వేముందే పంచాయతీ చేత హద్దులు కొలిపించి, అది ఊరి తోపని తీర్మానం రాయించుకోవాలి. పశువులు పెద్దగా ముట్టని కానుగతో మొదలుపెట్టాలి. మొదటి మూడు వేసవులకు నీళ్ల ఖర్చును పంచాయతీ ఇప్పుడే బడ్జెట్లో చూపాలి.