ఇన్ యూటెరో మరణవాంగ్మూలం కాదు

హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా మేనల్లుడు మొన్న ఒక అర్ధరాత్రి నాకు ఒక పాట పంపాడు. నిర్వాణా బృందం పాడిన 'ఆల్ అపాలజీస్'. దాని కింద ఒకే ఒక్క వాక్యం: "మావయ్యా, పోయేముందు అందరికీ క్షమాపణ చెప్పుకుని మరీ వెళ్ళాడు చూడు."

ఆ వాక్యంలో దుఃఖం కన్నా ఆరాధన పాలు ఎక్కువగా కనిపించింది. వాడి వయసులో ఆ పాటను నేనూ సరిగ్గా అలాగే విన్నాను. అలా వినడంలో ఒక రకమైన సుఖాన్ని కూడా అనుభవించాను. బహుశా అందుకే వాడికి వెంటనే జవాబు రాయలేకపోయాను. రాయడం మొదలుపెట్టాక అది ఎక్కడా ఆగలేదు. ఇది దాదాపుగా ఆ జవాబే.

ముందు తేదీల సంగతి. కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్ 5న, ఇరవై ఏడేళ్ళ వయసులో, సియాటిల్‌లోని తన ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నాడు. 'ఇన్ యూటెరో' అంతకు ఆరు నెలల పైచిలుకు ముందు, 1993 సెప్టెంబరులో విడుదలైంది. బృందం పూర్తి చేసిన చివరి స్టూడియో ఆల్బం అదే. అందులోని పన్నెండు పాటల్లో చివరిది 'ఆల్ అపాలజీస్'. చివరి ఆల్బంలో చివరి పాట, పేరులోనే క్షమాపణ! ఇక కథ అల్లడానికి ఎవరూ శ్రమపడనక్కరలేదు, దానంతట అదే అల్లుకుపోతుంది.

కానీ ఈ పాటను ఆ బృందం సియాటిల్‌లోని ఒక స్టూడియోలో మొదటిసారి రికార్డు చేసింది 1991 జనవరి 1న. 'నెవర్‌మైండ్' విడుదల కావడానికి అప్పటికింకా దాదాపు తొమ్మిది నెలలుంది. వాళ్ళ ఊరి చుట్టుపక్కల సంగీతప్రియులకు తప్ప లోకానికి వాళ్ళెవరో తెలియదు. 'డమ్' ఇంకా పాతది. 1990 సెప్టెంబరులో ఒలింపియా పట్టణంలోని ఒక చిన్న రేడియో కేంద్రంలో కొబేన్ దాన్ని ఒంటరిగా గిటారు మీద పాడాడు. 'పెన్నీరాయల్ టీ' కూడా ఆ ఏడాది రాసిందే. 'రేప్ మి'ని 1991లోనే కచేరీల్లో వినిపించారు. కీర్తి భారం మోయలేక నలిగిపోయిన మనిషి కడసారి మాటలని మనం చెవులు రిక్కించి వినే పాటల్లో సగం, ఆ కీర్తి రాకముందే పుట్టినవి. ఈ ఒక్క సంగతి నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇక రికార్డింగు. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటా రాష్ట్రంలో, కానన్ ఫాల్స్ అనే చిన్న ఊరి శివార్లలోని ప్యాకీడెర్మ్ స్టూడియోలో రెండు వారాల్లో పని ముగించారు. తమ రాక బయటికి పొక్కకుండా స్టూడియోను 'సైమన్ రిచీ బ్లూగ్రాస్ ఆంసాంబుల్' అనే దొంగ పేరుతో తీసుకున్నారు. (సైమన్ రిచీ అంటే సెక్స్ పిస్టల్స్ బృందంలోని సిడ్ విషస్ అసలు పేరు. మరణవాంగ్మూలం రాయబోయేవాడికి ఇలాంటి తమాషాలు తోస్తాయా అని నాకో అనుమానం.) రికార్డింగు ఇంజనీరు స్టీవ్ ఆల్బినీ. తనను ప్రొడ్యూసర్ అనడానికి ఒప్పుకునేవాడు కాదు, రికార్డు చేసినవాడిని అంటే చాలునన్నాడు. లక్ష డాలర్ల కూలి తీసుకుని, అమ్మకాల మీద వచ్చే రాయల్టీని వద్దన్నాడు. పైపులు బిగించే పనివాడికి ఇచ్చినట్టు పనికి తగ్గ కూలి ఇస్తే చాలునన్నది ఆయన వాదం. 2024 మే నెలలో ఆయన మరణించినప్పుడు నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఈ సంగతినే తలుచుకున్నారు.

ఈ ఆల్బం అభిమానులతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే. 'నెవర్‌మైండ్' నునుపు చేసిన శబ్దం కనుక అబద్ధమనీ, 'ఇన్ యూటెరో' గరుకుగా ఉంది కనుక నిజమనీ వాళ్ళంటారు. గరుకుదనమే నిజాయితీ అని ఎవరు నిర్ణయించారు? ఆల్బినీ డేవ్ గ్రోల్ డ్రమ్స్ చుట్టూ లెక్కలేనన్ని మైకులు అమర్చాడు. అవి కేవలం డ్రమ్స్‌నే కాదు, ఆ గదినీ, గది గోడల నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనినీ పట్టుకునేలా పెట్టాడు. 'వెరీ ఏప్', 'టూరెట్స్' అన్న రెండు పాటలకైతే డ్రమ్స్‌ను వంటగదిలోకి మార్పించాడు, అక్కడి ప్రతిధ్వని బాగుందని. ఇదంతా ఎంత ఆలోచన, ఎంత పనితనం! 'నెవర్‌మైండ్' ప్రొడ్యూసర్ బుచ్ విగ్, ఒకే చరణాన్ని రెండుసార్లు పాడించి ఒకదానిమీద ఒకటి పేర్చడానికి కొబేన్‌ను ఒప్పించింది, జాన్ లెనన్ కూడా అలాగే చేసేవాడని చెప్పి. అది ఒక పనితనం, ఇది మరొక పనితనం. నా మటుకు నాకు రెండోదే ఇష్టం, దాని కారణం నిజాయితీ కాదు. 'సర్వ్ ది సర్వెంట్స్' మొదలైన క్షణం నుండీ మనుషులు ఒక గదిలో నిలబడి వాయిస్తున్నారని నా ఒంటికి తెలుస్తుంది. 'సెంట్‌లెస్ అప్రెంటిస్'లో గ్రోల్ దెబ్బ పడినప్పుడు ఆ గది ఎంత పెద్దదో చెప్పగలననిపిస్తుంది. 'నెవర్‌మైండ్' పాటలు ఎక్కడ జరుగుతున్నాయో నాకెప్పుడూ తెలియలేదు.

అన్ని పాటలూ గొప్పవని అనను. 'వెరీ ఏప్' వచ్చిందీ పోయిందీ తెలియదు. 'టూరెట్స్' కేవలం అరుపు. 'రేప్ మి' పాటను అత్యాచారానికి ఎదురు నిలిచే పాటగా రాశానని కొబేన్ చెప్పుకున్నాడు. ఆ ఉద్దేశాన్ని నమ్ముతాను కానీ, ఆ పల్లవిని పదిమందిలో కూర్చుని వినడానికి నాకిప్పటికీ మనసొప్పదు. అమెరికాలోని కొన్ని పెద్ద దుకాణాలు ఈ ఆల్బంను అమ్మమని కూర్చుంటే, 1994లో వాటికోసం అట్ట వెనుక ఆ పాట పేరును 'వెయిఫ్ మి' అని మార్చి ముద్రించారు. లొంగిపోయారని అప్పుడు తిట్టినవాళ్ళున్నారు. పేదవాళ్ళుండే చిన్న ఊళ్ళ పిల్లలకు రికార్డులు దొరికేది అలాంటి దుకాణాల్లోనే కదా, తానూ అటువంటి పిల్లవాడే కదా. అందులో నాకు తప్పు కనబడలేదు.

మరో అపచారం కూడా ఒప్పుకుంటాను. ఆల్బినీ మిక్స్ చేసిన 'హార్ట్-షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' పాటలు రెంటినీ విడుదలకు ముందు స్కాట్ లిట్ చేత మళ్ళీ మిక్స్ చేయించారు. కంపెనీ ఒత్తిడేనని ఎంతో గొడవ జరిగింది. 2013లో వచ్చిన ఇరవయ్యేళ్ళ ముద్రణలో ఆల్బినీ పాత మిక్సులు వినే భాగ్యం కలిగింది. ఎంతో ఆశతో విన్నాను. కానీ 'ఆల్ అపాలజీస్' నాకు లిట్ చేతిలోనే బాగుంది, గొంతు ముందుకు వచ్చి, కెరా షేలీ వాయించిన చెల్లో దాని పక్కన కూర్చుంది.

కొబేన్ ఈ ఆల్బంకు మొదట పెట్టాలనుకున్న పేరు చావు కోరుకునే పేరే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. తనను తాను ద్వేషించుకుంటూ చావాలనుకుంటున్నానని అర్థం వచ్చే పేరు అది. తన గురించి పత్రికలు అచ్చువేసే కథల్ని వెక్కిరించడానికి దాన్ని పెట్టాలనుకున్నానని అతడే చెప్పాడు. ఎవరైనా కోర్టుకెక్కుతారని క్రిస్ట్ నోవొసెలిచ్ వారించాడు. చివరికి భార్య కోర్ట్నీ లవ్ కవితలోంచి 'గర్భంలో' అనే మాట తీసుకున్నారు. అప్పటికి వాళ్ళ పాపకు ఏడాది కూడా నిండలేదు. అట్ట మీద రెక్కలున్న, లోపలి అవయవాలన్నీ కనబడే స్త్రీ బొమ్మ. పాటల నిండా ప్రసవం, పాలు, బొడ్డుతాడు, జబ్బు, మందులు. పుట్టుకా దేహమూ ఇంతగా నిండిన రాక్ ఆల్బం నాకు ఇంకొకటి తెలియదు. మనం మాత్రం అందులో చావునొక్కదాన్నే ఏరుకున్నాం.

ఇలా ఏరుకోవడం మనకు అలవాటు చేసింది చాలావరకు ఇంకో ఆల్బం అనుకుంటాను. 1993 నవంబరు 18న న్యూయార్కులో ఎంటీవీ కోసం రికార్డు చేసిన కచేరీ అతడు పోయాక, 1994 నవంబరులో ఆల్బంగా వచ్చింది. వేదిక నిండా లిల్లీ పూలు, కొవ్వొత్తులు. ఆ అలంకరణ అతడే కోరాడు. చూసినవాళ్ళకు అది అంత్యక్రియల్లా తోచడంలో ఆశ్చర్యమేమీ లేదు. 'ఆల్ అపాలజీస్' అక్కడా పాడాడు. అక్కడి నుండి ఆ నీడ వెనక్కి నడిచి 'ఇన్ యూటెరో' మీద కూడా పడింది.

అతడు బాధలో లేడని నేను అనడం లేదు. కడుపునొప్పి నిజం, మత్తుమందు నిజం, 1994 మార్చిలో రోమ్ ఆసుపత్రి నిజం. 'పెన్నీరాయల్ టీ' పాడే గొంతులోని అలసట నటన కాదు. కానీ ఆ అలసటలోనే అతడు తంత్రులు శ్రుతి చేసుకున్నాడు, గొంతు సరిపోకపోతే మళ్ళీ పాడాడు, గ్రోల్ తెచ్చిన బాణీ మీద ప్యాట్రిక్ జూస్కిండ్ నవల 'పర్‌ఫ్యూమ్' నుండి ఒక కథను ఎక్కించాడు, తన ఊరివాళ్ళు పిచ్చిదని ఆసుపత్రిలో పెట్టిన నటి ఫ్రాన్సెస్ ఫార్మర్ పక్షాన ఒక పాట కట్టాడు. ఇవన్నీ బతికున్న మనిషి పనులు. బతకడం మీద ఆసక్తి ఉన్న మనిషి పనులు. అతడి చావును ఆ పాటల అర్థంగా చేస్తే, ఆ రెండు వారాల పనినీ అతడి చేతిలోంచి లాక్కుని జబ్బుకు అప్పగించినట్టవుతుంది. చదువూ ఉద్యోగమూ లేని బెంగతో హాస్టల్ గదిలో రాత్రి రెండింటికి వినే కుర్రవాడికి, చావే ఈ పాటను గొప్పది చేసిందని చెప్పినట్టూ అవుతుంది. ఈ రెండో సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ రాత్రి వాడికి ముందు ఫోన్ చేశాను. ఎలా ఉన్నావురా అని అడిగాను, పాట సంగతి ఎత్తలేదు. చాలాసేపు మాట్లాడాడు, మెస్సు గురించీ, పోయిన పరీక్ష గురించీ. మర్నాడు ఈ తేదీలన్నీ రాసి పంపాను. "అయితే ఇది అంత పాతదా మావయ్యా," అని మాత్రం అడిగాడు.

ఈ సంక్రాంతికి వస్తే నా దగ్గరున్న పాత సీడీ వాడికి ఇద్దామని తీసిపెట్టాను. అమెరికా బయట అమ్మిన సీడీల్లో 'ఆల్ అపాలజీస్' చివరి ధ్వని కాదు. అది అయిపోయాక దాదాపు ఇరవై నిముషాల మౌనం, ఆ తర్వాత 1993 జనవరిలో రియో డి జనీరోలో ముగ్గురూ తోచినట్టు వాయిస్తూ, కొబేన్ నోటికొచ్చింది ఆశువుగా పాడుతూ సాగే ఏడు నిముషాల పైచిలుకు పాట. డాలరు విలువ పడిపోయినా విదేశాల్లో కొన్నవాళ్ళకు ఇచ్చే కొసరు అని దానికి అట్ట మీద ఒక హాస్యపు బిరుదు కూడా తగిలించారు. పాట అయిపోయిందని సీడీ తీసెయ్యవద్దని, పక్కనే కూర్చోమని వాడికి చెప్పాలి.