నత్త నోట్లో బల్లెం!

మోకాలి లోతు నీళ్లు... అడుగున ఇసుకలో గోధుమరంగు చారలున్న అందమైన గుల్ల. పిల్లలు చూస్తే ఊరుకుంటారా? తీసి జేబులో వేసుకుంటారు. లక్షదీవులకో, అండమాన్‌కో, మన్నార్ సింధుశాఖ ఒడ్డుకో విహారానికి వెళ్లినవాళ్లు మాత్రం ఆ చేతిని కాస్త ఆపాల్సిందే. లెక్కల పుస్తకంలోని శంకువులా ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉంటే అది కోన్ నత్త కావచ్చు. లోపల ప్రాణి ఉందంటే... ఏ చివర పట్టుకున్నా ప్రమాదమే!

మామూలు నత్త నోట్లో చిన్న చిన్న పళ్లు వరసలు కట్టిన పట్టీ ఉంటుంది. ఆకురాయితో రాసినట్టు దాంతో నాచునీ ఆకుల్నీ గీకి తింటుంది. కోన్ నత్తకి ఆ ఆకురాయి లేదు. పళ్లు దేనికవే విడివిడిగా ఉంటాయి. ఒక్కో పన్నూ పూతరేకులా చుట్టిన సన్నటి గొట్టం, కొసన ముల్లు. రొయ్య పెంకులో ఉండే కైటిన్‌తోనే తయారవుతుంది. ఈ పళ్లన్నీ అమ్ములపొదిలో బాణాల్లా ఓ సంచిలో సిద్ధంగా ఉంటాయి. విషం తయారయ్యేది మెలికలు తిరిగిన మరో పొడవాటి గొట్టంలో. దాని చివర కండర తిత్తి.

వేట మొదలయ్యేది వాసనతో. గుల్ల సన్నటి చివర నుంచి చాచిన గొట్టంతో నీళ్లు పీల్చి, చేప ఎక్కడుందో పసిగడుతుంది. తర్వాత తొండం మెల్లగా సాగుతుంది. దాని కొసన ఒక్క పన్ను. చేపకి తగిలిందా, తిత్తి బిగుసుకుని విషాన్ని ఆ పంటి గొట్టంలోంచి లోపలికి నెడుతుంది. రెప్పపాటులో చేప కొయ్యబారిపోతుంది. గాలానికి పడ్డదాన్ని లాగినట్టు లాగి మింగేస్తుంది. వాడిన పన్ను మళ్లీ పనికిరాదు. ముళ్లూ పొలుసులతో పాటే బయటికి ఉమ్మేస్తుంది. పాకడానికే బద్ధకించే జీవి చేపను పట్టాలంటే ఇంతకన్నా దారేముంది!

అన్నట్టు, అన్నీ చేపల్ని తినవు. ఎక్కువ రకాలకు సముద్రపు పురుగులే ఆహారం. కొన్ని తోటి నత్తల్నే తింటాయి. మనుషులకు ఎక్కువ ముప్పు చేపల్ని వేటాడే వాటితోనే. ముఖ్యంగా జాగ్రఫీ కోన్‌తో. ఇప్పటిదాకా నమోదైన మరణాల్లో ఎక్కువ దాని ఖాతాలోవే. కుట్టించుకున్నవాళ్లకు ఒక సిగరెట్ కాల్చేంత టైమే మిగులుతుందని దానికి 'సిగరెట్ నత్త' అని పేరు. అది అతిశయోక్తే. కానీ విరుగుడు మందు లేదన్నది మాత్రం నిజం. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి కాబట్టి విషం ప్రభావం తగ్గేదాకా కృత్రిమ శ్వాస అందించాలి.

మనిషి మోజంతా గుల్ల మీదే. 1796లో జరిగిన ఒక వేలంలో ఓ కోన్ గుల్ల, ప్రఖ్యాత డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన బొమ్మకన్నా అయిదు రెట్లకు పైగా ధర పలికింది! తీరా చూస్తే, చుట్టరికం తేల్చడానికి ఆ గుల్లను నమ్మలేం. ఒకే జాతిలోనూ రంగులూ చారలూ మారిపోతాయి. 1758లో లిన్నేయస్ వీటన్నిటినీ 'కోనస్' అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. 2009లో ఇద్దరు నిపుణులు గుల్లలూ పళ్లూ పోల్చి చూసి, ఎనభైకి పైగా ప్రజాతులుగా విడగొట్టారు. సేకరించేవాళ్లు అట్టపెట్టెల మీద పేర్లు మార్చుకోలేక తలపట్టుకుని ఉంటారు! 2014లో డీఎన్‌ఏ పరీక్షలు వచ్చి ఆ లెక్కను నాలుగుకు దించేశాయి. ఆ తర్వాత చిన్న చిన్న ప్రజాతులు కొన్ని చేరినా, వందల జాతుల్లో అత్యధికం తిరిగి లిన్నేయస్ పెట్టిన 'కోనస్' గూటికే చేరాయి.

ఒక్కో జాతి విషం ఒక్కో రకం మిశ్రమం. అందుకే మందుల పరిశోధకులకు ఈ వర్గీకరణ అవసరం. 'మెజీషియన్ కోన్' విషంలోని ఒక పదార్థం ఆధారంగా తయారైన జికోనోటైడ్‌ను తీవ్రమైన, వదలని నొప్పులకు వాడేందుకు 2004లో అమెరికా అనుమతించింది. మార్ఫిన్‌లా అలవాటు పడేది కాదు. కాకపోతే మింగే మాత్ర కాదది, పంపు అమర్చి వెన్నులోని ద్రవంలోకే ఎక్కించాలి.