ఒక్కరోజు చుట్టానికి మన జిల్లా ఎవరు చూపించాలి?

పెద్ద ఓడల్లో దేశాలు తిరిగేవాళ్ళకి ఒక్కో ఊళ్ళో దొరికేది చాలాసార్లు ఒక్క పగలే. పొద్దున రేవులో దిగుతారు, సాయంత్రానికి మళ్ళీ ఓడెక్కాలి. ఆలస్యమైతే ఓడ ఆగదు. ఇలాంటి ప్రయాణికుల కోసమే విశాఖపట్నంలో 2023లో ఒక టెర్మినల్ తెరిచారు. ఆ కొద్ది గంటల్లో వాళ్ళకి ఊరు ఎంత అర్థమవుతుందనేది, పక్కన నడిచే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన కోలారు జిల్లాకి సముద్రం లేదు. కానీ ఒక్కరోజు చుట్టాలకి కొదవ లేదు. ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి కార్లలో, బైకుల మీద వస్తారు. అంతరగంగ కొండ ఎక్కుతారు. కమ్మసంద్రలో కోటిలింగేశ్వరుడి 108 అడుగుల లింగం ముందు ఫోటో తీసుకుంటారు. కేజీఎఫ్‌లో సైనైడ్ దిబ్బ చూసి "సినిమాలో చూసింది ఇదే కదా" అనుకుంటారు. చీకటి పడేలోపల వెళ్ళిపోతారు. ఇందులో వాళ్ళ తప్పేం లేదు. చెప్పేవాళ్ళు లేనప్పుడు ఎవరికైనా కళ్ళకి కనిపించిందే మిగులుతుంది.

నేను అనేది ఒకటే. వాళ్ళకి మన జిల్లాని చూపించే పని మనలాంటి విద్యార్థినులు స్వచ్ఛందంగా చేయాలి. దాన్ని మన తెలుగు శాఖే మొదలుపెట్టాలి.

చెప్పడానికి ఏముంది అంటారా? ఆ దిబ్బనే తీసుకోండి. అది మట్టి కొండ కాదు. రాతిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన పొడి. గాలి వీస్తే ఆ దుమ్ము పక్కనున్న ఇళ్ళల్లోకి పోతుంది. బెంగళూరు కంటే ముందే, 1902లోనే, శివనసముద్రం నుంచి ఆ గనులకి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకి పైగా లోతుకి దిగింది. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడని శాస్త్రవేత్తలు పట్టుకున్నదీ ఆ గనుల లోతులోనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటిదాకా ఊరికి బతుకిచ్చిన పని పోయింది. ఇప్పుడు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకి పనికి పోయేవాళ్ళు వేలమంది. చూడడానికి వచ్చేవాళ్ళు ఇటు వస్తా ఉంటే, ఊళ్ళోవాళ్ళు అటు పోతా ఉంటారు. ఈ సంగతి సినిమాలో లేదు, బోర్డు మీదా లేదు.

కోలారమ్మ గుడికి రండి. అక్కడి చోళుల కాలం శాసనాలు చాలావరకు తమిళంలో ఉన్నాయి. మొక్కుకునేవాళ్ళు కన్నడంలోనూ తెలుగులోనూ మొక్కుకుంటారు. పక్కనే చేళ్ళమ్మ ఉంది. ఆమెని కొలిస్తే తేలు కుట్టదని నమ్మకం. అక్కడ హుండీ అంటే నేలలో తవ్విన గుంత. మన జిల్లా ఎన్ని భాషల్లో బతికిందో చెప్పడానికి ఆ ఒక్క గుడి చాలు.

భాష మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మాది రాయల్పాడు. ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడం. మా అవ్వ ఒకే వాక్యంలో రెండూ కలిపి మాట్లాడేస్తుంది. శ్రీనివాసపురం తాలూకాలో, ఆంధ్ర పొలిమేరలో ఇది వింతేం కాదు. "మీది అచ్చ తెలుగూ కాదు, అచ్చ కన్నడమూ కాదు" అని నవ్వేవాళ్ళున్నారు. గైడు పనికి మాత్రం ఇదే మన పెట్టుబడి. పలమనేరు, మదనపల్లె వైపు నుంచి కురుడుమలె వినాయకుడి దగ్గరికి వచ్చే కుటుంబాలకి తెలుగులో చెప్పాలి. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళకి కన్నడంలో చెప్పాలి. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ తత్త్వాలు పాడాడు కదా, మనం రెండు భాషల్లో దారి చూపించలేమా?

ఇది కొత్త ఆలోచనేం కాదు. న్యూయార్క్‌లో 1992లో ఒక సంస్థ మొదలైంది. ఆ ఊరివాళ్ళే వచ్చిన అతిథిని తమ వీధుల్లో తిప్పి చూపిస్తారు. డబ్బు తీసుకోరు. జపాన్‌లో గుడ్‌విల్ గైడ్లు ఉన్నారు, వాళ్ళల్లో విద్యార్థులు కూడా ఉన్నారు. గైడు ఫీజు ఉండదు కానీ, ఆమె బస్సు చార్జీ, టికెట్టు, భోజనం వచ్చినవాళ్ళే పెట్టుకోవాలి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. సేవ చేసే పిల్ల చేతి డబ్బులు పోగొట్టుకోకూడదు.

ఇక అడ్డు చెప్పేవాళ్ళ మాటలకి వస్తాను. "ఆడపిల్లలు తెలియనివాళ్ళ వెంట తిరగడమా?" అన్నది మొదటిది. ఈ భయం అబద్ధం కాదు, అందుకే నియమాలు కావాలి. ఒంటరిగా ఎవరూ పోకూడదు, ఇద్దరిద్దరుగానే. పగటిపూటే. ముందుగా అనుకున్న చోట్లే, వచ్చినవాళ్ళ కారెక్కకుండా. పేర్లు, ఫోన్ నంబర్లు మేడమ్ వాళ్ళ దగ్గర ఉండాలి. ఒక మాట మాత్రం అడుగుతాను. నరసాపుర ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులెక్కే అమ్మాయిలూ మన ఊళ్ళవాళ్ళే. జీతానికి పోతే లేని అనుమానం, గుడి ముందు నిలబడి చరిత్ర చెప్తామంటే ఎందుకు వస్తుంది?

"మీకేం తెలుసని చెప్తారు?" అన్నది రెండోది. న్యాయమైన ప్రశ్న. నేర్చుకునే చెప్పాలి. ఆవని ఊరే ఉదాహరణ. లవకుశులు అక్కడే పుట్టారని జనం నమ్మకం. కొండ మీద సీతమ్మ గుడికి పిల్లల కోసం మొక్కుకునేవాళ్ళు పోతారు. కింద ఉన్న రామలింగేశ్వర ఆలయాలు నొలంబుల కాలం నాటివి. "జనం ఇలా అంటారు", "శాసనాల వల్ల ఇది తెలుస్తోంది" అని రెండింటినీ విడివిడిగా చెప్పడం వస్తే సగం గైడు అయినట్టే. ఆ విడదీసి చెప్పడమే మనకి క్లాసులో నేర్పిస్తున్నది కూడా.

మూడోది నా సొంత సందేహం. ఊరికే చేసే పని వల్ల ఇంకొకరి కూలి పోకూడదు. గనిలో దిగి పని చేసిన తాతలు కేజీఎఫ్‌లో ఇంకా ఉన్నారు. అక్కడి కథ చెప్పాల్సింది వాళ్ళే. మనం పక్కన నిలబడి భాష మారుద్దాం. తమిళం వచ్చిన స్నేహితురాళ్ళు ఉంటే ఇంకా మంచిది. కానీ ఆ తాతకి వచ్చినవాళ్ళు డబ్బు ఇవ్వాలి. అది ముందే మాట్లాడుకోవాలి. చదువుకుంటున్న మనకి స్వచ్ఛంద సేవ సరే. గని దుమ్ము పీల్చి బతికిన మనిషి చేత ఊరికే కథ చెప్పించుకోవడం సేవ అనిపించుకోదు.

పెద్ద పథకం అక్కర్లేదు. ముందు నెలకి ఒక ఆదివారం, కోలారమ్మ గుడి, పక్కనున్న సోమేశ్వర ఆలయం, రెండే. ఊళ్ళోనే ఉన్నాయి, నడిచే దూరం. ఒక సెమిస్టరు అది నిలబడితే ఆవని, కురుడుమలె, తర్వాత కేజీఎఫ్. మా రాయల్పాడులో గని లేదు, పెద్ద శిల్పాల గుడీ లేదు. మామిడి కాలంలో తోటలున్నాయి, రెండు భాషల మాట ఉంది. ఎవరైనా అంత దూరం వస్తామంటే ఆ రోజు నా వంతు.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటిస్తున్నాను. రావాలనుకునేవాళ్ళు పేరు, క్లాసు, వచ్చిన భాషలు రాయండి. వద్దనేవాళ్ళు కారణం రాయండి. శుక్రవారం మేడమ్ గారి దగ్గరికి ఆ కాగితమే తీసుకెళ్తాను.